అమ్మ పక్కన జాగా

ఫిలడెల్ఫియా
మార్చి 1996

అన్నయ్యకి,

వదిన పంపిన పీకన్ కాయలు అందాయి. నేను పగలగొట్టుకుని తింటుంటే వెండెల్ చూస్తూ కూర్చున్నాడు. అతనికిప్పుడు అవి పడవు. ఉప్పు పడదు, అరటిపండు పడదు, మంచినీళ్ళు కూడా కొలత మీద తాగాలి. కిడ్నీలు రెండూ పోయాయి. వారంలో మూడు రోజులు ఆస్పత్రికి తీసుకెళ్ళి మిషన్‌కి కలిపించి, అది అయ్యేదాకా బయట కూర్చుని, తీసుకొస్తున్నాను. వేరేవాళ్ళ కిడ్నీ పెడదామంటే గుండె తట్టుకోదన్నారు. డాక్టరు మంచివాడే. 'చూద్దాం' అన్నాడు. బస్సు డ్రైవరుగా ఇన్నేళ్ళు చేశాను, 'చూద్దాం' అంటే బండి ఇక షెడ్డుకే అని నాకు తెలుసు.

అసలు సంగతికి వస్తాను. అతను నాకెవరో నీకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. అమ్మకి తెలుసు. వదినకి తెలుసు. మన దీవిలో కుక్కలకి కూడా తెలుసు. ఎవరూ అనరు, అంతే. అనకపోవడమే మన ఇంట్లో మర్యాద. ఆ మర్యాద నేనూ నిలబెట్టాను. ఇప్పుడు అనక తప్పడం లేదు.

మన సమాధుల దొడ్డిలో అమ్మకి తూర్పు పక్కన జాగా ఉంది. వెండెల్‌ని అక్కడ పెట్టాలి. నా రోజు వచ్చినప్పుడు నన్ను అతని పక్కన పెట్టాలి. నాన్న పోయాక ఆ దొడ్డికి పెద్ద నువ్వే, మాట నీదే.

అతను నన్ను అడిగాడు గనక నిన్ను అడుగుతున్నాను. అమ్మ చనిపోయిన ఏడాది మేం వచ్చినప్పుడు రెండు వారాలు మీ అరుగు మీద కూర్చుని వదిన పెట్టిన పీతల కూర తిన్నాడు కదా. ఇన్నేళ్ళలో అతను ఎక్కడికైనా మళ్ళీ వెళ్దామని అడిగింది మన ఊరికి మాత్రమే.

ఫోన్ చేసేవాణ్ణే. ఫోన్లో నువ్వు వాతావరణం మాట్లాడి పెట్టేస్తావు.

నీ తమ్ముడు
లెమ్


సెయింట్ క్లెమెంట్ దీవి, సౌత్ కరోలినా
ఏప్రిల్ 1996

తమ్ముడు లెమ్యుయల్‌కి,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ వదిన ఒడెస్సాకి మోకాలు మళ్ళీ వాచింది. అయినా ఆదివారం చర్చి వాకిట్లో తెల్ల బట్టలేసుకుని జనాన్ని బల్లల్లో కూర్చోబెట్టే పని మానదు. కూర్చోవే అంటే వినదు.

రొయ్యల సీజను ఇంకా మొదలవలేదు. వలలు బాగుచేసుకుంటున్నాం. పడవ ఇంజను పోయినేడు లాగానే దగ్గుతోంది. గాలి తూర్పు నుంచి వీస్తోంది, వాన పడేట్టుంది.

నీ స్నేహితుడి ఆరోగ్యం గురించి విని బాధ కలిగింది. సంఘంలో ప్రార్థన చేయిస్తాను.

నువ్వు అడిగిన జాగా సంగతి. అక్కడ చెట్టు వేళ్ళు ఎక్కువ. తవ్వడం కష్టం. పైగా ఆ పక్కంతా పోటు వచ్చినప్పుడు నీరు ఊరుతోంది. మంచి చోటు కాదు.

ఆరోగ్యం జాగ్రత్త. అక్కడ చలి తగ్గిందా?

మీ అన్న
ఎబెనీజర్


ఫిలడెల్ఫియా
మే 1996

అన్నయ్యకి,

కాగితం మీద కూడా వాతావరణం మాట్లాడగలవని తెలిసింది.

అమ్మ గొయ్యి నువ్వూ నేనే తవ్వాం. వేళ్ళు లేవు. మెత్తటి ఇసుక, పార వెన్నలో దిగినట్టు దిగింది. నీళ్ళు ఊరతాయని అమ్మని పెట్టేటప్పుడు నువ్వన్లేదే? అమ్మని నీళ్ళలో పెట్టామా?

నీ మీద అరవడానికి నాకు ఓపిక లేదన్నయ్యా. పొద్దున బస్సు నడిపి, మధ్యాహ్నం ఆస్పత్రిలో కూర్చుని, ఇంటికొచ్చి ఉప్పులేని కూర వండి, అతను తినకపోతే ఆ కూర నేనే తిని పడుకుంటున్నాను.

వెండెల్ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు, నువ్వెప్పుడూ అడగలేదు. వాళ్ళ నాన్న న్యూఆర్క్‌లో పాస్టరు. వెండెల్‌కి పదిహేడేళ్ళప్పుడు ఎవరో ఏదో చూసి చెప్పారు. ఆదివారం ఆరాధనలో ఆయన అందరి ముందూ నిలబెట్టి ఇతని కోసం ప్రార్థన చేశాడట. ఇంటికెళ్ళేసరికి గడప బయట సంచి ఉంది. వాళ్ళమ్మ కిటికీలోంచి చూస్తూ నిలబడింది, తలుపు తియ్యలేదు. అక్కణ్ణించి ఈ ఊరొచ్చి సోఫాలకి గుడ్డ వేసే పని నేర్చుకున్నాడు. ఇప్పటికీ వెండెల్ ఎవరి ఇంటికెళ్ళినా సంచి తలుపు పక్కనే పెడతాడు, లోపలికి తీసుకెళ్ళడు. మీ ఇంట్లో ఒక్కచోటే వదిన ఆ సంచి లాక్కుని గదిలో పడేసింది.

వాళ్ళ నాన్న పోయాడు. ఉన్నదల్లా ఒక చెల్లెలు. పోయిన నెల ఆస్పత్రికొచ్చింది. కాఫీ ఇస్తే కప్పు పట్టుకుందిగానీ తాగలేదు. 'అన్నయ్యది నిజంగా కిడ్నీ జబ్బేనా?' అని నన్ను బయటికి పిలిచి అడిగింది. కిడ్నీ జబ్బేనమ్మా అన్నాను. నమ్మలేదు. మాలాంటివాళ్ళు ఎయిడ్స్‌తో తప్ప ఇంకో జబ్బుతో చావరని ఆవిడ లెక్క.

ఇక్కడ మేం వెళ్ళే సంఘం కూడా మన సంఘంలాంటిదే. నేను కుడిపక్క మూడో బల్ల, వెండెల్ ఎడమపక్క వెనకాల. బల్లల గుడ్డలన్నీ అతనే కుట్టాడు, ఊరికే. ఆ గుడ్డల మీద కూర్చునే వాళ్ళు మాలాంటివాళ్ళ పాపం మీద వాక్యం వింటారు.

అవును అను, లేదంటే కాదు అను. వేళ్ళ గురించి రాయకు.

లెమ్


సెయింట్ క్లెమెంట్ దీవి
జూన్ 1996

ఒరేయ్ లెమ్,

నీ ఉత్తరం మీ వదిన నా దగ్గర్నుంచి లాక్కుని చదివింది. చదివి వంటింట్లోకి పోయి గిన్నెలు పగిలేట్టు తోమింది. సరే, ఉన్నదున్నట్టు రాస్తాను.

దొడ్డి, దాని చుట్టూ ఉన్న పొలం బానిసత్వం పోయాక ముత్తాత కొన్నదని నీకు తెలుసు. కాగితాలు ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉన్నాయి. పంపకాలు జరగలేదు. అంటే మనందరిదీ, ఎవరిదీ కాదు. వారసుల్లో ఏ ఒక్కడు నా వాటా అమ్ముతానని కోర్టుకెళ్ళినా మొత్తం వేలానికి వెళ్తుంది. రోడ్డు అవతల సిమన్స్ వాళ్ళ నేల అలాగే పోయింది. ఇప్పుడు అక్కడ గోల్ఫు ఆడుతున్నారు. వాళ్ళ తాతల సమాధుల దగ్గరికి వెళ్ళాలంటే గేటు దగ్గర తెల్లవాడికి పేరు చెప్పి వెళ్ళాలి.

జాక్సన్‌విల్‌లో ఉన్న మన బాబాయి కొడుకు క్లీవన్‌కి ఫోన్ చేశాను. వాటాదార్లలో నోరున్నవాడు వాడే. నీ పేరెత్తగానే అన్నాడు: "నాయనమ్మల మధ్య ఆ ఆడంగిని పెడతారా? పెట్టండి. మర్నాడు నేను లాయర్ని పెడతాను."

రేవులో అడిగి చూశాను. నీ సంగతని కాదు, ఎవరిదో అన్నట్టు. మన ఐక్ ఉన్నాడుగా, నా పడవలో వల లాగేవాడు, వాడన్నాడు: "అట్టాంటోణ్ణి మా తాత పక్కన పెడితే ఆయన లేచి ఉత్తరాదికి నడిచెళ్ళిపోతాడు." అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే నా మొహం చూస్తారు.

పాస్టరు మిడిల్టన్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కటువుగా ఏమీ అనలేదు. "ఎబెనీజర్ గారూ, మీ తమ్ముడు వస్తే ముందు బల్ల మీద కూర్చోబెడతాను. కానీ ఆ జాగా ఇచ్చారంటే సంఘం సరేనన్నట్టు. ఈ ఊళ్ళో కుర్రాళ్ళని చూస్తున్నారు కదా. సగం మంది జైల్లో ఉన్నారు, సగం మంది వీధి చివర. తండ్రులు లేని పిల్లలకి మగాడంటే ఇలా ఉండాలని నేను చూపించాలి. మనకి మగాళ్ళు మిగల్లేదండీ," అన్నాడు. ఆయన మనిషిని తిడితే నాకు తేలికగా ఉండేది. తిట్టలేదు, కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంకోటి కూడా రాస్తాను. నాన్నని డెబ్భై ఏళ్ళొచ్చినా తెల్లవాళ్ళ కొట్లో 'ఒరే అబ్బాయ్' అనే పిలిచేవాళ్ళు. నాన్న టోపీ తీసి నవ్వేవాడు. ఇంటికొచ్చేదాకా ఆ నవ్వు మొహానికి అంటుకునే ఉండేది. నీ నడక బాలేదని నిన్ను బెల్టుతో కొట్టిన రోజులన్నీ ఆయన కొట్టుకెళ్ళొచ్చిన రోజులే. నువ్వు కింద పడి ఏడుస్తున్నావు గనక గమనించి ఉండవు. నేను గుమ్మంలో నిలబడి గమనించాను. బయట మగాడు కాలేని మనిషి, ఇంట్లో ఇద్దరు మగాళ్ళని తయారుచేద్దామనుకున్నాడు. నేను తయారయ్యాను. తయారవడమంటే ఏంటో ఇప్పుడు నీకు ఉత్తరం రాస్తుంటే తెలుస్తోంది.

నా జవాబు 'కాదు' అనే. నేల పోతే అమ్మా నాన్నా కూడా గేటు అవతలికి పోతారు. నీ ఒక్కడి కోసం అందర్నీ పోగొట్టలేను.

తిట్టు రాసినా చదువుతాను.

ఎబ్


ఫిలడెల్ఫియా
జులై 1996

అన్నయ్యకి,

తిట్టను. నీ ఉత్తరం వెండెల్‌కి మొత్తం చదివి వినిపించాను. ఐక్ మాట దగ్గర ఆగుదామనుకున్నాను, చదవమన్నాడు. విని నవ్వాడు. "ఉత్తరాదికే నడిచొస్తే ఆయనకి మన గది ఇద్దాం" అన్నాడు. చివరికి, "మీ అన్న అబద్ధమాడలేదు. మా నాన్న కంటే నయం," అని అటు తిరిగి పడుకున్నాడు.

అంతే, అతను మళ్ళీ అడగలేదు. నేనూ అడగను.

నగరం అంచున రైలు పట్టాల పక్క ఒక సమాధుల తోట ఉంది. అక్కడ పక్కపక్కనే రెండు జాగాలు తీసుకున్నాం. ఆఫీసులో అమ్మాయి "మీరిద్దరూ ఏమవుతారు?" అని అడిగింది. అన్నదమ్ములం అన్నాను. అలవాటైపోయింది. ఇల్లు అద్దెకి తీసుకున్నప్పుడు అన్నదమ్ములం. ఆస్పత్రిలో చుట్టాల్నే లోపలికి పంపిస్తారు గనక అక్కడా అన్నదమ్ములం. ఒక నర్సు "ముక్కులు ఒకేలా ఉన్నాయి" అని కూడా అంది. ఇరవై రెండేళ్ళుగా ఊరందరికీ అతను నా తమ్ముడని చెప్పుకుంటూ తిరిగాను. నిజంగా నా తోడబుట్టినవాడికి మాత్రం అతనెవరో నిజం చెప్పాను. అందుకే జాగా దొరకలేదు.

ఇది దెప్పిపొడుపు కాదు. రాస్తుంటే తట్టింది.

అమ్మ పక్కన జాగా నువ్వు ఎవరికైనా ఇచ్చుకో. నేను రాను.

లెమ్


సెయింట్ క్లెమెంట్ దీవి
ఆగస్టు 1996

తమ్ముడికి,

నువ్వు రాను అన్న చోట ఉత్తరం మడిచి పక్కన పెట్టాను. మళ్ళీ తీశాను. ఏం రాయాలో తెలియక ఇన్నాళ్ళు ఆలస్యమైంది.

పోయిన శనివారం మన ఇంట్లో కుటుంబాల కూడిక జరిగింది. ఎనభై మంది దాకా వచ్చారు. అందరికీ ఒకే రంగు చొక్కాలు, వీపు మీద ముత్తాత పేరు. చేపలు వేయించాం, ఎర్రన్నం వండాం. అంతా బాగానే ఉందనుకుంటుండగా క్లీవన్ గ్లాసు పట్టుకుని లేచి, "మన లెమ్ రాలేదేం? లంగా ఇస్త్రీ కాలేదా?" అన్నాడు.

కొందరు నవ్వారు. మీ వదిన చేపల మూకుడు దగ్గర ఉంది. చేతిలో గరిటెతోనే వచ్చేసింది.

"క్లీవన్, ఆ దొడ్డిలో నువ్వు ఎప్పుడైనా ఒక్క గడ్డిమొక్క పీకావా?"

"ఇప్పుడదెందుకు వదినా?"

"మా అత్త మంచాన పడ్డప్పుడు లెమ్ వచ్చి రెండు వారాలు మలమూత్రాలు ఎత్తాడు. ఆ వెండెల్ ఎత్తాడు. నువ్వు పువ్వుల గుత్తి పంపించావు. అదీ ఆలస్యంగా వచ్చింది."

ఇంతలో రోసెట్టా పిన్ని, తొంభయ్యోపడిలో ఉంది కదా, కుర్చీలోంచి, "వెండెల్ ఎవరు? నా కుర్చీకి గుడ్డ వేసినవాడా? వాణ్ణి పెట్టడానికేం? దొడ్డిలో మీ కోఫీ తాత పక్కన రాయి లేకుండా ఉన్నదెవరనుకున్నారు? ఆయన పడవలో ఉండే సిమ్. ఇద్దరూ ఒకే గుడిసెలో ఉండేవాళ్ళు. అప్పుడు ఎవరడిగారు? మాకు భయపడటానికి వేరే చాలా ఉండేవి," అంది.

క్లీవన్ "పెద్దావిడకి మతి పోయింది" అని నవ్వేశాడు. మర్నాడు నేను ఒంటరిగా వెళ్ళి పిన్నిని మళ్ళీ అడిగాను. "సిమ్ ఎవర్రా?" అంది. నిజమో, ముసలితనమో నాకు తెలీదు.

నేను చెప్పదలుచుకున్నది వేరే. మీ వదిన గరిటె పట్టుకుని అంతమంది మధ్య నిలబడినప్పుడు నేను ఐస్ పెట్టెలో చెయ్యి పెట్టి సోడా సీసాలు వెతుకుతున్నాను. సీసాలు పైనే ఉన్నాయి. చేతులు మొద్దుబారేదాకా వెతికాను.

వెండెల్ ఎలా ఉన్నాడు? రాయి.

ఎబ్


ఫిలడెల్ఫియా
అక్టోబరు 1996

అన్నయ్యకి,

వెండెల్ పోయాడు. ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లోనే. మిషన్ ఇక వద్దన్నాడని నాలుగు రోజుల ముందే మానేశాం. చివర్లో కావలసినన్ని మంచినీళ్ళు తాగాడు. గ్లాసు తర్వాత గ్లాసు. "ఏం రుచిరా" అన్నాడు. నేను పక్కనే కూర్చుని పీకన్ కాయలు పగలగొట్టి పెట్టాను. రెండు తిన్నాడు.

పోయాక అసలు తిప్పలు మొదలయ్యాయి. శవాన్ని సిద్ధంచేసేవాళ్ళు రక్తసంబంధం ఉన్నవాళ్ళే సంతకం పెట్టాలన్నారు. అన్నని అన్నాను. ఇంటిపేర్లు వేరేగా ఉన్నాయే అన్నారు. ఇన్నేళ్ళకి ఒక మనిషి ఇంటిపేర్లు చూశాడు. న్యూఆర్క్ చెల్లెల్ని పిలవాల్సి వచ్చింది. వచ్చి, సంతకం పెట్టి, "మీరే చూసుకోండి, మా వాళ్ళకి చెప్పలేదు" అని వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, అతను కుట్టిన సోఫా చేతిమీద అరచెయ్యి ఆనించింది. అంతవరకే ఆవిడకి చేతనైంది.

పాస్టరు చదివిన కాగితంలో 'ఆప్తుడు లెమ్యుయల్' అని ఉంది. నేనే రాసిచ్చాను. అంతకంటే రాస్తే చదవరని.

వచ్చినవాళ్ళు పదిమంది లోపే. నా డిపో వాళ్ళు ముగ్గురు, అతని కొట్టు యజమాని, పక్కింటివాళ్ళు. ఇంకొకావిడ వచ్చింది. పేరు రాయొద్దంది గనక రాయను. చాలా దూరం నుంచి బస్సులో వచ్చింది. నల్ల గౌను, చేతులకి తెల్ల తొడుగులు. ఎవరూ చెప్పకుండానే గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళని ఒక్కొక్కర్నీ లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. నేను వెనక బల్లలో కూర్చోబోతే మోచెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు బల్లలో కూర్చోబెట్టింది. భార్యలు కూర్చునే చోట. ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడ మొహం చూస్తే ఎవరంటారు?

నాకు నిద్ర వస్తోంది. ఎప్పుడూ నిద్రే వస్తోంది.

లెమ్


సెయింట్ క్లెమెంట్ దీవి
నవంబరు 1996

తమ్ముడూ,

ఆవిడ ఎవరో నాకు తెలుసు. బస్సు దగ్గర దింపింది నేనే.

నువ్వు మీ వదినకి ఫోన్ చేసిన రోజు నేను రేవులో ఉన్నాను. ఇంటికొస్తే ఒడెస్సా సంచి సర్దుతోంది. "బాల్టిమోర్‌లో మా చెల్లెలికి ఒంట్లో బాలేదు, వెళ్ళొస్తా" అంది. సంచి మూతపడక నల్ల గౌను అంచు బయటికి కనిపిస్తోంది. దాని మీద తెల్ల తొడుగులు. ఒంట్లో బాగాలేని చెల్లెల్ని చూడ్డానికి తొడుగులెందుకు? నేనడగలేదు. ఆవిడ చెప్పలేదు. ట్రక్కులో బస్టాండు దాకా ఇద్దరం వాతావరణం మాట్లాడుకున్నాం.

బస్సు వచ్చాక సంచి పైకందించాను. ఆవిడ మెట్టు మీద నిలబడి ఒక నిమిషం నా మొహంలోకి చూసింది. నేను ఎక్కుతానేమోనని. జేబులో టికెట్టుకి డబ్బు ఉంది. "మీ చెల్లెల్ని అడిగానని చెప్పు" అన్నాను. తలుపు మూసుకుంది.

ట్రక్కులో చాలాసేపు కూర్చున్నాను లెమ్. ఒకాయన వచ్చి అద్దం తట్టి, "బాగానే ఉన్నారా?" అని అడిగాడు. ఇంజను వేడెక్కింది, చల్లారనిస్తున్నాను అన్నాను.

తిరిగొచ్చాక నాలుగు రోజులు చెల్లెలి జ్వరం గురించి నాకు చెప్పింది, నేను విన్నాను. నీ ఉత్తరం వచ్చాక అది ఆవిడ ముందు పెట్టాను. చదివి కళ్ళద్దాలు తీసి, "తెలిసే దింపావా?" అంది. అవునన్నాను. "అయితే నీకంటే ఆ బస్సు డ్రైవరు నయం" అంది.

నాకు అతని సమాధి చూడాలని ఉంది. నువ్వు రేపు ఎక్కడుంటావో నాకు తెలియాలి. ఇన్ని తరాల్లో మనవాళ్ళెవర్నీ ఇక్కడ కాక ఇంకోచోట పూడ్చలేదు. రేవులో ఏం చెప్పి బయల్దేరాలో తోచక, బాల్టిమోర్ మరదలికి మళ్ళీ జబ్బు చేసిందని చెబుదామనుకున్నాను. మీ వదిన, "మా చెల్లెల్ని ఎన్నిసార్లు మంచాన పడేస్తాం?" అంది.

రమ్మంటే వస్తాను.

ఎబ్


ఫిలడెల్ఫియా
నవంబరు 1996

అన్నయ్యకి,

రావొద్దని అనను. కానీ దొంగతనంగా రాకు.

వెండెల్ బతికినన్నాళ్ళూ తమ్ముడని, స్నేహితుడని, ఇంట్లో అద్దెకుంటున్నాడని చెప్పుకుంటూ వచ్చాను. సమాధి దగ్గరికి కూడా అబద్ధం చెప్పి వచ్చేవాళ్ళే రావాలా? వదిన సంగతి వేరు. ఆవిడ చెప్పిన అబద్ధం నీ కోసం. నువ్వు చెప్పేది ఎవరికోసం?

ఎక్కడికెళ్తున్నావని రేవులో అడిగితే అతని పేరు చెప్పగలిగిన రోజు రా. ఆ రోజు రాకపోతే కోపం తెచ్చుకోను. నీ పరిస్థితి నాకు తెలుసు. క్లీవన్ అక్కడే ఉన్నాడు, నేల అక్కడే ఉంది, పాస్టరు గారు అక్కడే ఉన్నారు. నేను మారమంటే మారేవి కావు అవి. తొందర లేదు. నేను బాగా అలిసిపోయాను, ఎక్కడికీ పోను. ఈ ఇల్లు, డిపో, ఆదివారం ఆ తోట. అంతే.

వదినని అడిగానని చెప్పు. తొడుగులు ఒక జత ఇక్కడ మర్చిపోయింది. ఉంచుకుంటాను.

లెమ్


సెయింట్ క్లెమెంట్ దీవి
డిసెంబరు 1996

లెమ్,

సోమవారం పొద్దున రేవులో చెప్పాను. ముందుగా ఏమీ అనుకోలేదు. ఐక్ వల కడుగుతూ, "వారాంతం పీతలకి పోదామా?" అన్నాడు. కుదర్దు, ఫిలడెల్ఫియా వెళ్తున్నాను అన్నాను. ఏం పని అన్నాడు. "మా తమ్ముడితో కాపురం చేసిన మనిషి పోయాడు. పేరు వెండెల్. సమాధి చూసి రావాలి," అన్నాను.

అక్కడ ఆరుగురున్నారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ అయ్యో అనలేదు. ఒకడు నిప్పు ఆరిపోయిన చుట్టని మళ్ళీ వెలిగించుకున్నాడు. పని అయ్యేదాకా నాతో ఎవరూ మాట్లాడలేదు. ఐక్ కూడా. పడవ మీద ఇద్దరమే ఉండి మాట్లాడకుండా వల లాగడం ఎంత బరువో నీకేం తెలుసు.

మాట దీవంతా తిరిగింది. ఆదివారం ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన. సంఘ పెద్దగా రొట్టె పళ్ళెం పట్టుకోవాల్సింది నేను. పాస్టరు గారు నా వైపు చూడకుండా రెండో పెద్దకి అందించారు. నేను బల్లలో కూర్చునే తీసుకున్నాను. మీ వదిన తన చోటు వదిలేసి వచ్చి నా పక్కన కూర్చుంది, తెల్ల బట్టలతోనే. పాట అయ్యేదాకా లేవలేదు.

క్లీవన్ ఫోన్ చేశాడు. లాయర్ని కలుస్తానన్నాడు. కలుస్తాడో లేదో. నేను చెయ్యగలిగింది ఉంటే చేస్తాను, లేకపోతే లేదు. నాకు అరవై ఆరేళ్ళు.

అమ్మ పక్కన జాగాలో ఎవర్నీ పెట్టను. ఖాళీగానే ఉంటుంది. అడిగినవాళ్ళకి ఎందుకో చెబుతాను.

నిన్న సాయంత్రం ఐక్ ఇంటికొచ్చాడు. అరుగు ఎక్కలేదు, కింద నిలబడ్డాడు. చేతిలో వాడి సైన్యం నాటి ఉన్ని కోటు. "నీ తమ్ముడి సంగతి నాకొద్దు, దాని గురించి నేనేం మాట్లాడను," అన్నాడు. "అక్కడ మంచు పడుద్ది. నీ పల్చటి చొక్కాలతో పోయి చచ్చావంటే పడవకి ఇంకో మనిషిని ఎక్కడ తెచ్చేది?" అని కోటు మెట్టు మీద పడేసి వెళ్ళిపోయాడు.

శుక్రవారం సాయంత్రం బస్సు దిగుతాను. స్టేషనుకి రా. ఐక్ పొడుగు, నేను పొట్టి. కోటు చీలమండల దాకా వస్తోంది. చూసి నవ్వకు. పోనీ నవ్వు. నువ్వు నవ్వగా విని చాలా ఏళ్ళయింది.

మీ అన్నయ్య
ఎబ్